98 వేల కెమెరాకు ముందు 21 రోజుల లెక్క

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. జీతం చేతికి 26,000 వస్తుంది. ఇంటి ఖర్చుకు అమ్మకు 10,000 ఇస్తాను, బైక్ వాయిదా 3,100, నా ఖర్చులు 6,500. నెలకు 5,000 ఆర్‌డీ కడుతున్నాను. అది కాక బ్యాంకులో 1,50,000 ఉంది. నవంబరు చివర్లో మూడు వారాలు జీతం లేని సెలవు పెట్టి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం మీదుగా మల్కన్‌గిరి దాకా బైక్ మీద తిరిగి వారపు సంతల మీద డాక్యుమెంటరీ తీయాలని ఉంది. విశాఖపట్నంలో ఒక షాపులో కొత్త 4కె మిర్రర్‌లెస్ కెమెరా 98,000 చెప్పారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. డ్రోన్ 45,000. అద్దెకైతే కెమెరా రోజుకు 1,200. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఈ ప్రయాణం చేయాలి. మానుకోమని చెప్పడానికి ఈ జవాబు రాయడం లేదు. చోళ్లు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు, అల్లం, పసుపు మోసుకుని తెల్లవారకముందే కొండ దిగే ఆదివాసీలూ, వాటిని కొనే మన తెలుగు సావుకార్లూ ఎదురెదురుగా కూర్చునే చోటు సంత. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లోనే ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. ఆ పంట చేతులు మారేది ఈ సంతల్లోనే. తెలుగు, ఒడియా రెండూ తెలిసిన మీలాంటివాళ్లు తీస్తే అందులో దొరికేది, బయటి నుంచి రెండు రోజులకు వచ్చి వెళ్లేవాళ్లకు దొరకదు. అందుకే మీ డబ్బు కెమెరా షాపు దగ్గరే అయిపోకూడదని నా పట్టుదల.

ముందు ఈఎంఐ సంగతి. 98,000ను 12తో భాగిస్తే నెలకు 8,167. మీ ఖర్చులన్నీ పోగా మిగిలేది 6,400. అంటే ఆర్‌డీ పూర్తిగా ఆపేసినా నెలకు 1,700 పైచిలుకు తక్కువ పడుతుంది. ఇంకో సంగతి చూడండి. 21 రోజులు జీతం లేని సెలవంటే ఆ నెల మీకు వచ్చేది దాదాపు 7,800. కెమెరా వాయిదాకే అది చాలదు. ఇక అమ్మగారికి ఇచ్చే పది వేలు, బైక్ వాయిదా ఎక్కడి నుంచి వస్తాయి? సంతలో నిలబడి షూటింగ్ చేస్తుండగా వాయిదా బౌన్స్ అయిందని మెసేజ్ రాకూడదు.

నో కాస్ట్ అన్నా వడ్డీ లేకుండా ఎవరూ అప్పివ్వరు. జీరో శాతం వడ్డీ పేరుతో అసలు వడ్డీని దాచిపెట్టే పథకాలు కుదరవని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అప్పటి నుంచి జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు షాపో కంపెనీయో ధరలో డిస్కౌంట్ చూపిస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద కూడా జీఎస్టీ మీ మీదే పడతాయి. నగదు ఇస్తే ఎంతకిస్తారో షాపువాళ్లను అడగండి. 98,000 కంటే తక్కువ చెబితే, ఆ తేడాయే మీరు కట్టబోయే వడ్డీ.

ఇప్పుడు మీ అసలు బడ్జెట్ ఎంతో తేలుద్దాం. వాయిదాతో కలిపి మీ నెల ఖర్చు 19,600. మూడు నెలలకు సరిపడా 60,000 ముట్టుకోవద్దు. ప్రైవేటు ఉద్యోగం, ఇంట్లో మీ మీద ఆధారపడిన అమ్మగారు, అందుకని ఇది కనీసం. మిగిలేది 90,000. సెలవు నెలలో పోయే జీతం 18,200. ఇది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, కానీ ప్రయాణం మొత్తంలో కెమెరా తర్వాత పెద్ద ఖర్చు ఇదే. అది తీసేస్తే 72,000.

ఆ తర్వాత దారి ఖర్చు. లోపలి ఊళ్లతో కలిపి రానూపోనూ 1,500 కిలోమీటర్లు వేసుకుందాం. లీటరుకు 45 వచ్చే బైక్ అయినా ఘాట్‌లో అంత రాదు కాబట్టి పెట్రోలుకు 4,000 ఉంచండి. తిండికీ బసకూ రోజుకు 700 చొప్పున 14,700. బయలుదేరే ముందు సర్వీసింగు, బ్రేకులు, అవసరమైతే వెనక టైరు, దారిలో పంక్చర్లు కలిపి 4,300. చివరగా 5,000, దాని గురించి కింద చెబుతాను. మొత్తం 28,000. ఇక చేతిలో ఉండేది 44,000. సామగ్రి అంతా ఇందులోనే రావాలి.

44,000 తక్కువ అనుకోకండి. నా దగ్గరకు లెక్కలు చూపించుకోవడానికి వచ్చే పెళ్లి ఫొటోగ్రాఫర్లు రెండుమూడేళ్లకోసారి కెమెరా బాడీ (లెన్స్ కాని భాగం) మారుస్తుంటారు. శ్రీకాకుళం, బరంపురం, విజయనగరం స్టూడియోల్లో పాత బాడీలు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వాటిలో 2017లో వచ్చిన కెనాన్ 200డి లాంటిది కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్స్) 26,000 లోపు దొరికితే తీసుకోండి. 4కె లేదు. కానీ ఫుల్ హెచ్‌డీ వీడియోలో మనిషి ముఖాన్ని వదలకుండా ఫోకస్ పట్టుకుంటుంది, బయటి మైకు పెట్టుకునే జాక్ ఉంది, స్క్రీన్ తిప్పుకోవచ్చు, లెన్సులు ఎక్కడైనా దొరుకుతాయి. ఏడాది తర్వాత అమ్మినా మీ డబ్బులో చాలా భాగం వెనక్కి వస్తుంది. కొత్త కెమెరాకు బిల్లు కొట్టించిన మర్నాడే ధర పడిపోతుంది.

కొనేటప్పుడు తొందరపడకండి. లెన్స్‌లోకి ఫోన్ టార్చి వేసి చూడండి, సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. షట్టర్ కౌంట్, అంటే దానితో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో అడగండి. మైకు జాక్‌లో మైకు పెట్టి ఐదు నిమిషాలు రికార్డు చేసి, దాన్ని లాప్‌టాప్‌లో వేసి హెడ్‌ఫోన్‌తో వినండి. పెళ్లిళ్లలో ఎక్కువగా అరిగిపోయేవి ఆ జాక్, కార్డు తలుపు. పాత బిల్లు, దాని మీద ఉన్న సీరియల్ నంబరు తీసుకోండి. అది లేకుండా దొంగ సామాను అంటగట్టే ప్రమాదం ఉంది.

అద్దె సంగతీ లెక్క వేశాను. 21 రోజులకు 25,200, దాదాపు పాత కెమెరా ధరే. పైగా డిపాజిట్ కట్టాలి. ఘాట్‌లో బైక్ జారి కెమెరా పగిలితే ఆ ఖర్చూ మీదే. రెండుమూడు రోజుల పనికి అద్దె మంచిది, మూడు వారాలకు కాదు.

4కె వద్దనడానికి కెమెరా ధర ఒక్కటే కారణం కాదు. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ తింటుంది. రోజుకు రెండు గంటల ఫుటేజీ అంటే 90 జీబీ, 21 రోజులకు 1,890 జీబీ. రెండు కాపీలు ఉండాలి కాబట్టి దాదాపు 4 టీబీ డిస్కులు కొనాలి. తర్వాత ఎడిటింగ్‌కు మీ లాప్‌టాప్ చాలకపోతే ఇంకో యాభై వేల మాట. అదే ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 30 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకు 13.5 జీబీ, మొత్తం 567 జీబీ. 1 టీబీ హార్డ్ డిస్కు ఒకటి, 128 జీబీ కార్డులు ఐదు ఉంటే సరిపోతుంది. కార్డులను తుడవకండి. నిండిన కార్డు జేబులో, దాని కాపీ డిస్కులో, రెండూ ఎప్పుడూ ఒకే సంచిలో ఉండకూడదు. జయపురం చేరాక నిండిన కార్డులను కొరియర్‌లో ఇంటికి పంపేయండి. కెమెరా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ముసలావిడ తవ్వతో చోళ్లు కొలుస్తూ చెప్పిన మాటలు మళ్లీ రావు. డిస్కుకు 5,500, కార్డులకు 5,000 పక్కన పెట్టండి.

మైకుకు 3,000. చొక్కాకు తగిలించే కాలర్ మైకు, గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు. సంతలో లౌడ్‌స్పీకర్లు, కోళ్లు, ఆటోల మధ్య కెమెరాకే ఉన్న మైకు ఏ మాటా సరిగ్గా పట్టుకోదు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే చూసేవాళ్లు లేచిపోతారు. ఇంకో బ్యాటరీకి 1,500. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), నీళ్లు దిగని సంచి, సిలికా జెల్ పొట్లాలకు 3,000. మొత్తం 44,000 సరిపోయింది. రెండో కెమెరాగా మీ ఫోనే చాలు.

డ్రోన్ కొనవద్దు. దీని మీద నాకు రెండో మాట లేదు. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. కాబట్టి ఆ ధరకు చేతికి వచ్చే విదేశీ సరుకుకు సరైన బిల్లు, వారంటీ ఉంటాయని నమ్మలేం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 కిలోలు దాటితే, వ్యాపార అవసరానికైతే 250 గ్రాములు దాటినా, పైలట్ సర్టిఫికెట్ కావాలి. భద్రతా బలగాల క్యాంపులున్న మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో దాన్ని ఎగరేస్తే ఫుటేజీ సంగతి అటుంచి, మీరే చిక్కుల్లో పడతారు.

ఇక ఆ 5,000 గురించి. కువి, దేశియా, కోయ భాషలు తెలిసిన స్థానికుడిని రోజుకు 500 చొప్పున పది రోజులు వెంట పెట్టుకోండి. మొత్తం బడ్జెట్‌లో దీన్ని మాత్రం తగ్గించవద్దు, కావాలంటే కెమెరా మీద తగ్గించండి. ఎవరిని అడగాలో, ఏ మాట అనకూడదో, ఎప్పుడు కెమెరా దించాలో మీకు చెప్పేది అతనే. చాటికోన బుధవారం సంతకు డొంగ్రియా కొంధులు, ఒనుకుడెల్లి గురువారం సంతకు బొండాలు వస్తారు. ఒడిశాలో ప్రత్యేక రక్షణ అవసరమని గుర్తించిన 13 ఆదివాసీ సమూహాల్లో వీళ్లున్నారు. వీళ్లను ఫొటోలు, వీడియోలు తీయడం మీద ఆంక్షలు ఉన్నాయి. వెళ్లే ముందే జిల్లా కలెక్టర్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోండి. అనుమతి రాకపోతే ఆ రెండు చోట్లా కెమెరా సంచిలోనే ఉంచండి. కుందులి శుక్రవారం సంత ఒక్కదానిలోనే మీకు మూడు వారాలకు సరిపడా మనుషులు కనిపిస్తారు. డబ్బిచ్చి పోజులు పెట్టించవద్దు. తీసినవాళ్ల దగ్గర ఏదైనా కొనండి, బేరమాడకుండా.

నవంబరు చివర ఎంచుకోవడం మంచిదే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా దెబ్బతీసిందో మీకు తెలుసు. అయినా డిసెంబరు దాకా బంగాళాఖాతాన్ని నమ్మలేం కాబట్టి, సెలవు తేదీలు ఒక వారం అటూ ఇటూ జరిపే వీలు ముందే మాట్లాడుకోండి. కోరాపుట్ చలిలో నుంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు లెన్స్ మీద నీరు పడుతుంది, అరగంట దాకా సంచి తెరవకండి.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాట లేదు. 26,000 జీతానికి ఈఎస్ఐ వర్తించదు, దాని పరిమితి 21,000. కంపెనీ గ్రూపు పాలసీ ఉందేమో ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. లేకపోతే సొంతంగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. మామూలుగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు కాబట్టి అక్టోబరు మొదటికల్లా పాలసీ చేతిలో ఉండాలి. మీరు తిరగబోయేది మలేరియా ప్రాంతం, దోమతెర తప్పకుండా పెట్టుకోండి. ఆర్‌డీ పోగా నెలనెలా మిగిలే 1,400ను జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రీమియంకే ఉంచండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూసుకోండి, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు ఇస్తుంది. బైక్ పాలసీలో యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో కూడా చదవండి.

తర్వాత ఎవరైనా మిమ్మల్ని పెళ్లి షూటింగ్‌కు పిలిచి డబ్బిస్తే ఆ ఆదాయం రిటర్నులో చూపాలి. అప్పుడు ఈ కెమెరా మీద ఏడాదికి 15 శాతం తరుగుదల లెక్కలోకి తీసుకోవచ్చు, అందుకే బిల్లులన్నీ ఒక కవర్లో వేసి ఉంచండి.

ఈ నెలలోనే ఇంకో పొదుపు ఖాతా తెరిచి 90,000 అందులోకి మార్చండి. 60,000 ఉన్న ఖాతా ఏటీఎం కార్డును ప్రయాణంలో వెంట తీసుకెళ్లకండి, ఇంట్లోనే ఉంచండి. జీతం తగ్గే నెలలో అమ్మగారికి వెళ్లాల్సిన 10,000, బైక్ వాయిదా 3,100, ఆర్‌డీ 5,000 కలిపి 18,100. పోయే జీతం కోసం తీసి ఉంచిన 18,200లో అది సరిగ్గా సరిపోతుంది. కొత్త ఖాతా నుంచి ఆ మూడూ వాటి తేదీకి వాటంతట అవే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చి బయలుదేరండి.