108 బండిలో డాక్టర్ ఉండరు కదా, మరి వైద్యం ఎవరు నిర్ణయిస్తారు?

108 కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్ నిర్ణయిస్తారు. బండిలోని ఈఎంటీ (అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన సిబ్బంది) ఆ సూచనల ప్రకారం చికిత్స చేస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఆ పద్ధతి మీదే నడుస్తోంది.

కారణం తేలికే. బండికో డాక్టర్‌ను పెడితే, ఆ డాక్టర్ ఒక్కో ట్రిప్పుకు ఒక్క రోగినే చూడగలరు. అదే కాల్ సెంటర్‌లో ఉంటే ఒకే షిఫ్టులో ఎన్నో బండ్లకు దారి చూపగలరు. రక్తం కారకుండా ఆపడం, ఆక్సిజన్ పెట్టడం, గుండె ఆగితే ఛాతీ నొక్కి సీపీఆర్ చేయడం లాంటివి ఈఎంటీలు ఎవరినీ అడగకుండానే మొదలుపెడతారు. వాటికి డాక్టర్లు ముందే రాసిపెట్టిన నియమాలుంటాయి. చిక్కు వచ్చినప్పుడే ఫోన్.

ఉదాహరణకు, ఏజెన్సీ ఊరి నుంచి వస్తుండగా దారిలోనే కాన్పు అయి, తల్లికి రక్తస్రావం ఆగడం లేదనుకోండి. ఈఎంటీ బీపీ, నాడి, ఎంత రక్తం పోయిందో చెబుతారు. డాక్టర్ గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు ఇవ్వమని, సెలైన్ ఎక్కించమని, కడుపు మీద చేయి పెట్టి గర్భసంచిని మర్దన చేయమని చెబుతారు. రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలన్నదీ అప్పుడే తేలాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం అదే.

డాక్టర్ లేరు కాబట్టి ఇది రోగిని చేరవేసే వాహనం మాత్రమేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ అపోహతోనే టెన్షన్‌లో ఆటో ఎక్కించి తీసుకెళ్తారు, దారిలో అందాల్సిన చికిత్స పోతుంది.