ములాఖత్‌కు పాత కేసు అడ్డమా?

ప్రశ్న: 2017లో కొట్లాట కేసులో ఆరు నెలల శిక్ష అనుభవించి వచ్చాను. ఇప్పుడు మా తమ్ముడు వేరే కేసులో రిమాండు ఖైదీగా చర్లపల్లి జైలులో ఉన్నాడు. ములాఖత్‌కు వెళ్తే పాత కేసు పేరు చెప్పి నన్ను వెనక్కి పంపుతారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: శిక్ష పూర్తి చేసుకున్నంత మాత్రాన సొంత తమ్ముణ్ణి చూసే అవకాశం పోదు. 1894 నాటి జైళ్ల చట్టం రిమాండు ఖైదీలకు బంధువులను, న్యాయవాదులను కలిసే వీలు కల్పించింది. అయితే భద్రతకు భంగమని తోస్తే అధికారులు నిరాకరించవచ్చు. కాబట్టి పాత కేసు గురించి అడిగితే దాచకుండా చెప్పండి, అబద్ధమే అసలు అనుమానానికి తావిస్తుంది. తమ్ముడి కేసులో మీరు కూడా నిందితుడో సాక్షో అయితే మాత్రం సంగతి వేరు; బెయిలు షరతులను న్యాయవాదికి చూపించాకే బయలుదేరండి. మీపై ఏదైనా వారంటు పెండింగులో ఉంటే ముందు కోర్టులో దాని సంగతి తేల్చుకోండి.

2021లో ఆసుపత్రి కోసం వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేసిన నాటి నుంచి మన జిల్లా కుటుంబాలకు ఈ దూరాభారం తప్పడం లేదు. అంత దూరం వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రాకుండా ఈ-ములాఖత్ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకుని, ఆధార్ కార్డు వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర తనిఖీకి ఒప్పుకోకపోతే లోనికి పంపరు. చొక్కా జేబులో మరచిపోయిన ఖైనీ పొట్లం కూడా చిక్కు తెస్తుంది: నిషేధిత వస్తువులను లోపలికి చేరవేస్తే అదే జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒకవేళ ములాఖత్ నిరాకరిస్తే కారణం అడిగి, సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.