ముందు రెండో లైటు ఆర్పండి

ప్రశ్న: ఇంట్లోనే పోర్ట్రెయిట్లు తీయడం నేర్చుకుందామని 200 వాట్ సెకన్ల స్టూడియో ఫ్లాష్‌లు రెండు, సాఫ్ట్‌బాక్సులతో (ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టెలు) సహా కొన్నాను. గది పది బై పన్నెండు. లైట్లు అటొకటి, ఇటొకటి పెట్టి ఇంట్లో అందరినీ తీశాను. ఏ మొహం చూసినా ఆధార్ కార్డు ఫొటోలాగే ఉంది. ఇంకో లైటు కొనాలంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. ఉన్న రెండింట్లోనే ఒకటి తీసి పక్కన పెట్టండి. కుడి లైటు వేసిన నీడను ఎడమ లైటు చెరిపేస్తోంది, మీ ఇబ్బంది అంతా అదే. ముక్కు ఎంత ఎత్తు, కంటి గుంట ఎంత లోతు, దవడ ఎక్కడ తిరిగింది అన్నది ఫొటోలో చెప్పేది నీడే. అది లేకపోతే మొహం చదునైపోతుంది.

నేను పని నేర్చుకున్నది మా నాన్నగారి స్టూడియోలో, ఒక్క లైటు మీద. మొదట్లో కెమెరా ముట్టనిచ్చేవారు కాదు. స్టూలు మీద ఎవరినో కూర్చోబెట్టి, "ముక్కు నీడ ఎక్కడ పడిందో చెప్పు" అనేవారు. లైటు జరిపి మళ్లీ అడిగేవారు. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు నేనూ అదే చెబుతున్నాను, ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు.

సాయంత్రం పూట కర్టెన్లు వేసి, ట్యూబ్‌లైటు ఆపేయండి. ఓపిగ్గా కూర్చునే అమ్మమ్మనో, నాన్ననో గోడకు ఆరడుగులు ముందుకు కూర్చోబెట్టండి. సాఫ్ట్‌బాక్సు తీసేసి, ఫ్లాష్‌లోని మోడలింగ్ ల్యాంప్ (ఆగకుండా వెలిగే చిన్న బల్బు) ఒక్కటే వెలిగించండి. సాఫ్ట్‌బాక్సు లేకపోతే నీడ అంచు గీత గీసినట్టు ఉంటుంది, నేర్చుకునేవాళ్లకు అదే మేలు. (స్టాండు పైకి లేపే ముందు ఫ్యాను ఆపారా? మన ఇళ్లలో ఫ్లాష్‌లు ఫ్యాను రెక్క తగిలి పగలొచ్చు.)

లైటును కెమెరా నెత్తిన, మొహానికి సూటిగా పెట్టండి. నీడ ముక్కు కింద చిన్నగా పడుతుంది. మెల్లగా పక్కకు జరపండి, నీడ పెదవి మూల వైపు సాగుతుంది. కంటి మట్టం కన్నా పైన, సుమారు 45 డిగ్రీలు పక్కకు వచ్చేసరికి ముక్కు నీడ వెళ్లి చెంప నీడలో కలుస్తుంది. అప్పుడు చీకటి వైపు కంటి కింద చిన్న వెలుతురు త్రిభుజం మిగులుతుంది. దాన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు, 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడి పేరు మీద. అక్కడ కాసేపు ఆగి చూడండి. మీ అమ్మమ్మ కళ్లు లోతుగా ఉంటే ఆ ఎత్తులో కంట్లో మెరుపు పోతుంది. లైటు కాస్త దించితే రెండు కళ్లలోనూ చుక్క తిరిగొస్తుంది. ఒక మొహానికి కుదిరిన చోటు ఇంకో మొహానికి కుదరదు. అందుకే లెక్కలు బట్టీ పట్టకుండా నీడను చూడమంటున్నాను.

చూపు కుదిరాక సాఫ్ట్‌బాక్సు తగిలించి మొహానికి మూడడుగుల దూరంలోకి తెండి. దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ అంచు మెత్తబడుతుంది. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతుకు. మీ గోడ లైటుకు దాదాపు తొమ్మిదడుగుల్లో ఉంటుంది కాబట్టి తెల్ల గోడ కూడా ముదురు బూడిద రంగులోకి దిగిపోతుంది. బ్యాక్‌గ్రౌండు కొనే పనే లేదు.

ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/125 సెకను, అపెర్చర్ ఎఫ్ 8తో మొదలుపెట్టండి. ఫ్లాష్ ఆపి ఒకటి తీస్తే ఫొటో మొత్తం నల్లగా రావాలి. అప్పుడే గది వెలుతురు కలవడం లేదని అర్థం. పక్క గోడకు లేత ఆకుపచ్చ పెయింటు ఉంటే ఆ రంగు చెంప మీదికి వస్తుంది. అటువైపు కుర్చీ మీద నల్ల దుప్పటి వేలాడదీయండి. నీడ మరీ చీకటయితే దుప్పటి తీసి తెల్ల థర్మాకోల్ షీటు పెట్టండి, అది వెలుతురును నీడలోకి తిప్పి కొడుతుంది.

ప్రశ్న: చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, ఫొటో నేనే తీయాలి. చామనఛాయ. "కాస్త తెల్లగా వచ్చేట్టు తియ్యి" అంటోంది అమ్మ. ఫ్లాష్ పవర్ పెంచాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పెంచకమ్మా. పవర్ పెంచితే చెల్లి తెల్లబడదు, నుదుటి మీదా ముక్కు మీదా రంగు ఎగిరిపోయి మచ్చలు పడతాయి, పట్టుచీర జరీ పోగులు కలిసిపోతాయి. ఫొటో చూసి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆ అమ్మాయిని గుర్తుపట్టాలి కదా. చామనఛాయ మొహాలను తీయడమంటే నాకు ఎంతో ఇష్టం. చెంప ఎముక మీద వెలుతురు నిగనిగలాడుతుంది, ఆ నిగారింపే మొహానికి ఆకారం ఇస్తుంది. మీ దగ్గరున్న అతి పెద్ద సాఫ్ట్‌బాక్సును పక్క నుంచి, వీలైనంత దగ్గరగా పెట్టి పవర్ తగ్గించండి. పౌడర్ మందంగా వద్దు, టిష్యూతో చెమట అద్దితే చాలు. కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకోండి, వెలుతురు మరీ ఎక్కువైన చోటు తెర మీద మినుకుమంటుంది. ముక్కుపుడక మినుకుమంటే ఫర్వాలేదు, చర్మం మాత్రం మినుకుమనకూడదు.

రెండో లైటు ఉంటే ఇక్కడ పనికొస్తుంది. వెనక నుంచి, నీడ వైపు, చాలా తక్కువ పవర్‌తో జడ మీదా భుజం మీదా పడనివ్వండి. నల్ల జుట్టు చీకట్లో కలిసిపోకుండా పూలతో సహా విడిగా కనిపిస్తుంది. అమ్మగారికి చెప్పి చూడండి, వినకపోతే రెండు రకాలుగా తీసి పక్కపక్కన పెట్టి చూపించండి.

ప్రశ్న: మా మావయ్యగారికి తీసిన ప్రతి ఫొటోలో కళ్లద్దాల మీద సాఫ్ట్‌బాక్సు కనిపిస్తోంది. అద్దాలు తీయించేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రోజూ కళ్లద్దాలతో ఉండే మనిషిని అద్దాలతోనే తీయాలి. లైటును ఇంకాస్త పైకి, పక్కకు జరపండి. అయినా పోకపోతే అద్దాల కాడలను చెవుల మీద కొద్దిగా పైకి లేపి పెట్టమనండి. అద్దాలు కిందికి వాలి, ఆ మెరుపు కెమెరా వైపు రాకుండా నేల వైపు పోతుంది. గడ్డం అరంగుళం దించమనండి. మోడలింగ్ ల్యాంప్ వెలిగించి ఉంచితే మెరుపు పోయిందో లేదో క్లిక్ చేయకముందే మీకు కనిపిస్తుంది.