వరంగల్ నుంచి సముద్రానికైతే మోటుపల్లి పోండి

చిన్నపిల్లలు, పెద్దవయసు అమ్మానాన్నలతో రెండు రోజుల్లో పోయి వచ్చేటట్టు, జనం తక్కువుండే సముద్రపు ఊరు అడిగారు. నా మాట మోటుపల్లి. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మన ఓరుగల్లుకు ఓడరేవు.

వరంగల్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే చీరాలలో అర్ధరాత్రి దాటాక దిగాలి, పెద్దవాళ్లకు కష్టం. పగటిపూట నడిచే కృష్ణా ఎక్స్‌ప్రెస్ నయం. బస చీరాలలోనే చూసుకోండి. మరునాడు పొద్దుగాలే ఆటో మాట్లాడుకోండి. పోను, రాను, అక్కడ ఆగినంతసేపు, అన్నీ కలిపి ఒకే రేటు చెప్పించుకోవాలి. ఒకవైపుకే మాట్లాడితే తిరిగి రావడానికి ఇబ్బంది పడతారు. టిఫిన్, నీళ్లు చీరాలలోనే కట్టించుకోండి.

ముందు వీరభద్రస్వామి గుడికి పోండి. తలుపు వేసి ఉంటే పక్క ఇళ్లలో పూజారిగారిని అడగండి. స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడి అభయశాసనం, అంటే ఓడ వర్తకులకు భయం లేదని మాటిచ్చిన శాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు దాన్ని ఆపి, సరుకు విలువలో 30వ వంతు సుంకం చాలన్నాడు. అక్షరాలు అరిగి ఉన్నాయి. టార్చి ఎదురుగా కొడితే ఏమీ కనబడదు. పక్కనుంచి, రాయికి ఆనించినట్టు ఏటవాలుగా పట్టండి, ఒక్కో గీత నీడ పడి లేచి వస్తుంది. సుద్ద, నీళ్లు, నూనె పూయొద్దు, రాయి పాడవుతుంది.

సముద్రంలో పిల్లల్ని మోకాలు లోతు దాటనివ్వకండి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నిమ్మళంగా, మురికిగా కనబడితే అక్కడ అసలు దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. చేపల కోసమే పోతే ఎండాకాలం సెలవులు వద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూసుకుని టికెట్ చేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

తిరుగుదారిలో వేటపాలెంలో ఆగండి. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. జీడిపప్పుకు పేరున్న ఊరు. పాయసానికి, కూరకు బద్ద సరిపోతుంది, విడిపోని గుండుపప్పు కంటే ధర తక్కువ. ఒకటి కొరికి చూడండి, పటుక్కున విరిగితేనే తూకం వేయించుకోండి.