పైథాన్ మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. అవునా కాదా అని చెప్పే బూలియన్ విలువలూ (ట్రూ, ఫాల్స్), కోడ్‌లో మనుషుల కోసం రాసే కామెంట్లూ ఒక్క సాయంత్రంలో అయిపోయాయని అన్నావట. అక్కడే నాకు గుబులు పట్టుకుంది.

ట్రూ, ఫాల్స్ పదాల మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. ఒక సమాన గుర్తు పేరుకు విలువనిస్తుంది, రెండు గుర్తులు కలిస్తే పోలుస్తాయి. వీటిలో పొరబడితే చాలాసార్లు పైథానే ఆపి చెబుతుంది. నా భయమంతా అది నోరు మెదపని తప్పుల గురించే.

చాలా ఏళ్ల క్రితం మా బృందంలో ఒక కుర్రవాడు పాత రికార్డులను తొలగించే ప్రోగ్రామ్ రాశాడు. తొలగించాలో వద్దో సెట్టింగుల ఫైలులో ట్రూ అనో ఫాల్స్ అనో రాయాలి. ప్రోగ్రామ్ ఆ మాటను చదివి, దేన్నైనా ట్రూగానో ఫాల్స్‌గానో మార్చే బూల్ ఫంక్షన్‌కు అందించేది. ఫైలు నుంచి వచ్చేది బూలియన్ విలువ కాదు, వట్టి అక్షరాల వరుస, అంటే స్ట్రింగ్. అందులో ఏమని రాసి ఉందో బూల్‌కు పట్టదు; ఖాళీగా ఉంటే ఫాల్స్, ఒక్క అక్షరమున్నా ట్రూ. అందువల్ల వద్దని రాసిన రోజున కూడా రికార్డులు పోయాయి, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాలేదు. అంతకన్నా నష్టం చేసింది ఆ వరుస పక్కనున్న కామెంటు. ఫాల్స్ అని ఉంటే ఏదీ తొలగించదని అందులో చక్కగా రాసి ఉండటంతో, వెతకడానికి కూర్చున్న పెద్దలంతా దాన్ని నమ్మి, ఆ వరుసను వదిలేసి, డేటాబేసునంతా గాలించారు. పాపం, అతడు అబద్ధం రాయలేదు, తాను అనుకున్నది రాశాడు. కామెంటును మొదలుపెట్టే హ్యాష్ గుర్తు తరువాతి మాటలను పైథాన్ సరిచూడదు కదా! చివరకు ఆ స్ట్రింగ్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి, అనుమతించిన రెండు మాటలతో పోల్చి, మూడోది ఏది వచ్చినా ఎర్రర్ ఇచ్చేలా సరిదిద్దారు.

కామెంటులో ఆ వరుస ఏమి చేస్తుందో మళ్లీ చెప్పకు, ఎందుకు అవసరమైందో చెప్పు. కోడ్ మారిన రోజే కామెంటునూ మార్చు. కోడ్‌కు విరుద్ధమైన కామెంటు కన్నా అసలు లేకపోవడమే మేలని పైథాన్ శైలి నియమావళి పెప్ 8 కూడా అంటుంది. సోమరితనంతో మానేయడానికి దీన్ని సాకు చేసుకున్నావో, ఊరుకోను!

ఖాళీ కాని స్ట్రింగ్ ట్రూ కావడం షరతుల్లోనూ మోసం చేస్తుంది. రంగు ఎరుపుతో సమానమా అని రాసి, ఆర్ (లేదా) పెట్టి, పసుపు అనే స్ట్రింగ్‌ను ఒంటరిగా వదిలితే ఆ షరతు ఎప్పుడూ నెగ్గుతుంది; పోలికను రెండుసార్లూ పూర్తిగా రాయాలి.

నువ్వు మార్కుల ప్రోగ్రామ్ రాస్తున్నావని విన్నాను కనుక ఇది మరీ ముఖ్యం. ఇఫ్ తరువాత మార్కుల పేరొక్కటే పెడితే సున్నా వచ్చిన పిల్లవాడూ, పరీక్షే రాయని పిల్లవాడూ ఒకటైపోతారు, ఎందుకంటే సున్నా, విలువే లేదని చెప్పే నన్ (None) రెండూ అక్కడ ఫాల్స్‌గానే చెల్లుతాయి. ఈజ్ నాట్ నన్ అని విడిగా అడుగు. ఒకసారి సున్నా ఇచ్చి, ఒకసారి నన్ ఇచ్చి నడిపి చూశాక నాకు పంపించు. ఎంత రాత్రయినా చదువుతాను.

మీ మామయ్య