చిన్నోడా, బూస్ట్ స్క్రూ ముట్టుకునే ముందు

అనంతపురం

చిన్నోడా,

నిన్న వదిన ఫోన్ చేసి, "మీవాడు లీనియాకి పెద్ద టర్బో తెప్పించినాడు, నాకు టెన్షన్‌గా ఉంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. నాకు లోపల సంతోషమే. మన ఇంట్లో పంపు, నాజిల్ పని నాతోనే ఆగిపోతుందనుకున్నా. ఆ సంతోషం కాస్తా నీతో మాట్లాడగానే దిగిపోయింది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఏం వేస్తున్నావురా అంటే "పాతవే చాల్లే చిన్నాయనా, బూస్ట్ 0.8 నుంచి 1.2కే కదా" అంటివి. ఫోన్లో తిడితే వినవు. అందుకే రాస్తున్నా.

ఆయిల్, క్లాంపులు, కాస్త చల్లరకం ప్లగ్గులు, ఇవన్నీ నీకు తెలిసినవే. బండిలో మార్పులు చేయడం గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదువుకో, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చదివే ఉంటారు.

ఇక "0.8 నుంచి 1.2కే కదా" అన్న మాట. బూస్ట్ అంటే టర్బో ఇంజన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి, దానికి బయటి గాలి ఒత్తిడి ఒక బార్ కలుపుకుంటే 1.8 నుంచి 2.2కి పోతున్నావు. అంటే దాదాపు 22 శాతం ఎక్కువ గాలి. గాలి ఎంత పెరిగితే పెట్రోలూ అంత పెరగాలి. టర్బో బండికి బూస్ట్‌లో ఒక్కో గుర్రానికి, అదే హార్స్‌పవర్‌కి, నిమిషానికి 6.3 సీసీ పెట్రోల్ అనుకో. నువ్వు 180 గుర్రాలు కావాలంటున్నావు కాబట్టి మొత్తం 1134 సీసీ, నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 283. అంతటితో 280 సీసీవి కొనుక్కొస్తావేమో, కొనొద్దు. ఇంజెక్టర్ 80 శాతం సమయానికి మించి తెరుచుకుని ఉండకూడదు. 6000 ఆర్‌పీఎంలో ఒక సైకిల్‌కు నీకు దొరికేది 20 మిల్లీసెకన్లే, అందులో 16 దాటితే ఇంక చేతిలో ఏమీ ఉండదు. 283ని 0.8తో భాగిస్తే 354. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20, దానికి ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి, 380 అయింది. పెట్రోల్ ప్రెషర్ 3 బార్ దగ్గర 400 సీసీ పోసేవి తీసుకో.

పెద్దవే పెడితే పోలా అని 1000 సీసీవి మాత్రం తేవద్దు. ఐడిల్‌లో అవి అంత తక్కువ పెట్రోల్ కొలిచి పోయలేవు, ఇంజన్ వణుకుతుంది, ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఇంజెక్టర్ కాయిల్ ఓమ్స్ (కరెంటుకు దాని నిరోధం) కూడా చూసుకో, 12కి పైన ఉండాలి. రెండు మూడు ఓమ్స్ ఉన్నవి నేరుగా తగిలిస్తే ఈసీయూలో, అదే ఇంజన్ కంప్యూటర్‌లో, ఇంజెక్టర్లను నడిపే సర్క్యూట్ కాలిపోతుంది.

అసలు నా భయం వేరే. మీ అత్తగారిది రాయచోటి. పండగొస్తే కడప నుంచి భార్యాబిడ్డలతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతావు.

ఆ ఘాట్‌లో ఆగిపోయిన బండి ఒకటి నా షాపుకొచ్చింది. అదీ పెట్రోల్ టర్బోనే. బూస్ట్ పెంచినోళ్లు ఇంజెక్టర్లు మార్చలేదు. పెట్రోల్ చాలడం లేదని తెలిసి, పెట్రోల్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ తిప్పి ప్రెషర్ 3 బార్ నుంచి 4కి ఎక్కించినారు. ప్రెషర్ మూడో వంతు పెరిగితే పెట్రోల్ కూడా మూడో వంతు పెరుగుతుందని వాళ్ల లెక్క. అది వర్గమూలం లెక్కరా, వచ్చేది 15 శాతమే. పైగా పంపు సంగతి మరిచిపోయినారు. మన బోరు మోటారు చూడు, నీళ్లు లోతుకు పోయేకొద్దీ అదే మోటారు ధార ఎట్లా సన్నబడుతుందో. ట్యాంకులో పంపూ అంతే, ప్రెషర్ పెరిగేకొద్దీ పోసేది తగ్గుతుంది. ఊళ్లో నాలుగు సెకన్లు తొక్కి వదిలితే మీటర్ బాగానే చూపించింది. ఎండాకాలం, నలుగురు మనుషులు, ఏసీ, మూడో గేరులో ఆగకుండా ఎక్కుడు. పంపు చేతులెత్తేసింది. పాటలు గట్టిగా పెట్టుకున్నారు, పెట్రోల్ చాలక ఇంజన్ వేడెక్కి కటకటలాడింది ఎవరికీ వినపడలేదు. పైన కోవాకు ఆగుదామనుకున్నారంట, బండే ముందు ఆగింది.

ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి వెలుతుర్లో పెట్టి చూసినా. మూడో దాని తెల్ల పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు. గోటితో గీకితే రాలేదు. అది పిస్టన్ అల్యూమినియం. హెడ్ ఊడదీసి పిస్టన్ బయటికి లాగితే రింగుల మధ్య గట్టు ఒక పక్క విరిగి చేతికొచ్చింది. మనుషులకేం కాలేదు, అదృష్టం. కానీ ఆ మలుపుల్లో లారీలు వెనకనుంచి వస్తుంటే బండి చచ్చిపోతే ఎట్లుంటుందో నువ్వే ఆలోచించు. వదినకు ఇవన్నీ చెప్పలేదులే.

కాబట్టి రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) నుంచి చిన్న గొట్టం వస్తోందా లేదా అన్నది నాకు చూసి చెప్పు. రాకపోతే 3 బార్‌లో 1.2 బూస్ట్ ఎదురు తోస్తుంది, మిగిలేది 1.8. ఇంజెక్టర్ పోసేది 22 శాతం పైగా పడిపోతుంది, అదీ సరిగ్గా ఎక్కువ కావాల్సిన చోట. గొట్టం ఉంటే బూస్ట్‌తో పాటే ప్రెషరూ పెరుగుతుంది, అప్పుడు పంపు 4.2 బార్ దగ్గర ఎంత పోస్తుందో చూడాలి. పెట్రోల్ పైపుల క్లిప్పులు కొత్తవి వేయి, దీంట్లో పైసలు చూసుకోవద్దు.

పొగను బట్టి గాలి-పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్ లేకుండా బూస్ట్ పెంచే స్క్రూ తిప్పవద్దు. ఈ20తో 14.7 (ఒక పాలు పెట్రోల్‌కి గాలి) అంకె నమ్మకు, లాంబ్డా చూడు, అది 1 అంటే పాళ్లు సరిగ్గా ఉన్నట్టు, తగ్గితే పెట్రోల్ ఎక్కువ, ఫుల్ బూస్ట్‌లో 0.8 దరిదాపుల్లో ఉండాలి. నాలుగు సెకన్లు కాదు, మూడో గేరులో నిదానంగా చివరిదాకా ఎక్కించి మీటర్ రీడింగులు రికార్డు చేసి లాగ్ తీయి. అంతవరకు బూస్ట్ 0.8లోనే ఉంచు. చిన్నాయన పాతకాలపోడు అనుకున్నా సరే.

ఒకటి మాత్రం ఆ మీటర్ కూడా చెప్పదు. అది నాలుగు సిలిండర్ల సగటే చూపిస్తుంది. ఒక్క ఇంజెక్టర్ తక్కువ పోసినా ఆ సిలిండర్ ఒక్కటే కాలుతుంది. అందుకని కొత్తవైనా పాతవైనా నాలుగూ నా దగ్గరికి తీసుకురా. బెంచ్ మీద పెట్టి నాలుగు గాజు గొట్టాల్లో మట్టం చూద్దాం. ఆర్డర్ పెట్టకముందే పార్ట్ నంబరు వాట్సాప్ చెయ్యి. శనివారం వస్తే మంచిది, ఆదివారం షాపు మూసేస్తా. చిన్నమ్మ ఓళిగలు చేస్తానంటోంది, పిల్లల్నీ తోడుకొనిరా. కానీ ఆ బండిలో కాదు, బస్సుకు రండి.

మీ చిన్నాయన