పాటని కోసే ముందు ఒక్కసారి ఆగు, బుజ్జీ

బుజ్జీ,

వచ్చే నెల మీ బ్యాండ్ స్టేజీ మీద నాలుగు రాక్ పాటలు పాడబోతోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో, ఆ రాత్రి చాలాసేపు నిద్రే పట్టలేదు. తర్వాత నువ్వు పంపిన లిస్టు చూశాను. "అమెరికన్ పై" పక్కన "నాలుగు నిమిషాలకి కుదించాలి" అని రాశావు చూడు, అక్కడ నా గుండె జారింది. అందుకే మెసేజ్‌తో సరిపెట్టకుండా ఇంత ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పాటని నీ గొంతుకి సరిపడే శ్రుతికి దించుకో, ఒరిజినల్ కీలోనే పాడాలన్న పంతం వద్దు. తాళం తప్పకుండా మెట్రోనోమ్ పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యండి. మాటలు కాగితం చూడకుండా రావాలి.

గొంతు గురించి మాత్రం ఇంకో మాట. "ట్విస్ట్ అండ్ షౌట్"లో జాన్ లెనన్ అరుపు విని నువ్వూ అలాగే అరుస్తావని నాకు తెలుసు, నీ వయసులో నేనూ అరిచాను. 1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ ఆల్బమ్ కోసం ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. లెనన్‌కి జలుబు. ఆ పాట పాడితే ఇక గొంతు మిగలదని తెలిసే దాన్ని ఆఖరికి ఉంచారు. ఒక టేక్ వచ్చింది, రెండోదానికి గొంతు పోయింది. మనం వినేది ఆ మొదటి టేకే. రిహార్సల్లో రోజూ అలా చించుకోకు తల్లీ. అన్నట్టు అది వాళ్ల పాట కూడా కాదు. 1961లో టాప్ నోట్స్ అనే బృందం పాడితే, రాసినవాళ్లలో ఒకడైన బర్ట్ బర్న్స్‌కే నచ్చలేదు, మరుసటి ఏడు ఐస్లీ బ్రదర్స్‌తో దగ్గరుండి మళ్లీ పాడించాడు. అంచేత మొదట వచ్చిందే గొప్పదనీ, దాన్ని ముట్టుకోకూడదనీ నేననను.

నా భయం కోయడం గురించి. అది ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

మా బ్యాండ్ రోజుల్లో "బిహైండ్ బ్లూ ఐస్" పాడేవాళ్లం, ద హూ అనే బ్యాండ్ పాట, 1971. మొదట్లో ఉత్త గిటారు, గొంతు, మెల్లగా వెనక ఇంకో రెండు గొంతులు. డ్రమ్స్ ఉండవు. సగం పాట దాటాక ఒక్కసారిగా డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు వచ్చి మీద పడతాయి, కాసేపటికి మళ్లీ అంతా సద్దుమణుగుతుంది. మా డ్రమ్మర్ ఆ మొదటి రెండు నిమిషాలూ కర్రలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. తన వంతు కోసం నెలరోజులు ఇంట్లో దిండ్ల మీద వాయించి ప్రాక్టీస్ చేశాడు, మంచి కిట్ కొనే స్తోమత లేక. ప్రోగ్రామ్ రోజు నాకు గొంతు బొంగురుపోయింది. ఆ మధ్య భాగం గట్టిగా, పైస్థాయిలో పాడాలి, పరువు పోతుందని టెన్షన్. స్టేజీ ఎక్కడానికి అరగంట ముందు గిటారిస్టుని పక్కకి పిలిచి, "మధ్యలోది వదిలేద్దాం, నెమ్మదిగానే ముగిద్దాం" అన్నాను. డ్రమ్మర్‌కి వాడు చెబుతాడనుకున్నాను. నేను చెప్పే ఉంటాననుకున్నాడు వాడు. ఆ చోటు రానే వచ్చింది, డ్రమ్మర్ కర్రలు పైకెత్తడం ఓరకంట చూశాను, చూసి కూడా అటు తిరగకుండా మొదటి చరణమే మళ్లీ అందుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. వెనక్కి చూస్తే వాడి చేతుల్లో కర్రలు ఇంకా గాల్లోనే ఉన్నాయి, కింద పెట్టాలో వద్దో తెలియనట్టు. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా సింబల్ స్టాండ్ల మరలు విప్పుకుంటూ కూర్చున్నాడు. మర్నాటి రిహార్సల్‌కి రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. పన్నెండేళ్ల తర్వాత కలిస్తే పిల్లల గురించి అడిగాడు, ఉద్యోగం గురించి అడిగాడు, ఆ పాట ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

2003లో లింప్ బిజ్కిట్ అదే పాట చేసి, సరిగ్గా ఆ మధ్య భాగాన్నే తీసేశారు. ఆ స్థానంలో పిల్లలకి స్పెల్లింగ్ నేర్పే బొమ్మ గొంతుతో వాళ్ల బ్యాండ్ పేరులోని అక్షరాలు చెప్పించారు. అందరూ ఆ బొమ్మని తిట్టారు. నాకు మాత్రం బొమ్మ వినపడలేదు, పోయిన డ్రమ్సే వినపడ్డాయి. ఆ పాటలో మనిషి తన కోపాన్ని దాచుకుంటూ పాడతాడు, ఆ కోపం బయటికొచ్చేది అక్కడే. అది లేకపోతే మిగతాదంతా ఉత్త నిట్టూర్పు.

ఇప్పుడు నీ "అమెరికన్ పై". డాన్ మెక్లీన్ 1971లో పాడింది ఎనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది. 2000లో మడోన్నా దాన్ని దాదాపు సగం చేసింది, బ్రిటన్‌లో నంబర్ వన్ కూడా అయింది. కానీ పేపర్లు వేసే కుర్రాడికి తను ఆరాధించే పాటగాడి చావు కబురు తెలిసే ముక్కే అందులో లేదు. ఎవరు పోయారో చెప్పకుండా ఏడుపు ఎక్కణ్నుంచి వస్తుంది? నువ్వు కోయాలంటే కోయి, కానీ జాన్ కేల్ లాగా కోయి. లెనార్డ్ కోహెన్ 1984 నాటి "హల్లెలూయా"ని కేల్ తాను పాడాలనుకుని చరణాలు అడిగితే కోహెన్ నుంచి ఫ్యాక్స్‌లో పదిహేను పేజీలు వచ్చాయట, అవన్నీ చదివి తనకి కావలసినవి ఏరుకుని 1991లో పాడాడు. తర్వాత అదే పాట పాడిన జెఫ్ బక్లీ పట్టుకున్నది ఆ దారినే. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ అయితే అసలు కోయలేదు. బాబ్ డిలన్ 1967లో రెండున్నర నిమిషాల్లో పాడేసిన "ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్"ని మరుసటి ఏడే నాలుగు నిమిషాలు చేశాడు, మూడు చరణాలూ ఉంచి మధ్యలో గిటారుకి చోటిచ్చాడు. తర్వాత డిలనే దాన్ని హెండ్రిక్స్ బాణీకి దగ్గరగా పాడటం మొదలెట్టాడు. ఒకరి పాటని ఇంకొకరు పాడే కవర్లలో, నా లెక్కలో దాన్ని మించింది లేదు.

"హర్ట్" నీ వయసుకి వద్దని రాయబోయి ఆగిపోయాను. 1994లో ఆ పాట వచ్చేనాటికి దాన్ని రాసి పాడిన ట్రెంట్ రెజ్నర్‌కి ముప్పై నిండలేదు మరి. 2002లో డెబ్బై ఏళ్ల జానీ క్యాష్ అందులో ఒక బూతు మాట తీసి ముళ్లకిరీటం పెట్టాడు, మిగతాదంతా తన గొంతుతోనే మార్చాడు. ఆ వీడియో చూశాక పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే అన్నాడు. నువ్వు హాయిగా పాడుకో. క్యాష్ వణుకు మాత్రం అరువు తెచ్చుకోకు, అది అనారోగ్యంతో ఉన్న మనిషి వణుకు. నువ్వు చిన్నప్పుడు జ్వరంలో కూడా నా ఒళ్లో కూర్చుని కూనిరాగాలు తీసేదానివి, ఆ గొంతు చాలు నీకు.

ఏ పాటలో ఏం తీసేసినా అందరూ ఉండగా తేల్చుకోండి, స్టేజీ ఎక్కే ముందు మాత్రం ఏదీ మార్చకండి. రిహార్సల్ రికార్డు చేసి పంపు, ఎలా ఉన్నా పంపు. ఇంకొకటి. గిటారు వాయించే ఇద్దరి పేర్లూ రాశావు, బేస్ వాయించే అమ్మాయి గురించి నాలుగు లైన్లు రాశావు. మీ డ్రమ్మర్ పేరు ఎక్కడా లేదు. ఈసారి రాయి.

మీ మామయ్య